వాలులో నిలిపిన కారు

మా బావమరిది కొట్టిన దెబ్బ మెకానిక్ ఎడమ చెవి మీద పడింది. అరచెయ్యి పూర్తిగా తెరిచి, భుజం వెనక్కి లాగి కొట్టాడు. కారు కింద నుంచి అప్పుడే బయటికి వచ్చి మోకాళ్ల మీద లేస్తున్న మనిషికి ఆ చెయ్యి రావడం కనిపించలేదు. తల వెళ్లి బంపరుకు కొట్టుకుంది. అతను వెంటనే చెవి పట్టుకోలేదు. చేతిలో ఉన్న స్పానరును ముందు రోడ్డు మీద పెట్టాడు. ఆ తర్వాతే చెవి పట్టుకున్నాడు. రెండో దెబ్బ ఆ వేళ్ల మీద పడింది.

తర్వాత మామిడి లారీ లోడింగ్ మనుషులు కలబడ్డారు. ఒకడు పక్కటెముకల్లో తన్నాడు. ఇంకొకడు కాలరు పట్టి తారు మీద ఈడ్చాడు. చొక్కా చిరిగి వీపు బయటపడింది, ఆ వీపు మీద రోడ్డు రాసుకుపోయిన గీతలు ఎర్రగా తేలాయి. మూడోవాడు, నిన్నటిదాకా అతనితో కలిసి టీ తాగినవాడు, చెప్పు తీసి ముఖం మీద కొట్టాడు. ఉదయం పది గంటలు. ముసునూరు నుంచి నూజివీడు వెళ్లే రోడ్డు. నాలుగు నిమిషాలకు మించి జరగలేదు. వెనక నుంచి వచ్చిన బస్సుకి దారి లేక డ్రైవరు ఆపకుండా హారన్ కొట్టాడు కాబట్టి ఆగింది, జాలిపడి కాదు.

నేను రెండు బారల దూరంలో నిలబడి ఉన్నాను. నేను చెయ్యి ఎత్తలేదు. అయితే మొదటి దెబ్బకు ముందు అక్కడ వినిపించిన మాట నాది.

"పొద్దున్న నేనే చూశాను. ఆయిల్ ఫుల్లుగా ఉంది."

విలేకరిగా ఉన్న ముప్ఫై ఏళ్లలో 'స్థానికులు దేహశుద్ధి చేసి పోలీసులకు అప్పగించారు' అన్న వాక్యం ఎన్నిసార్లు రాశానో గుర్తు లేదు. అది రాయడానికి తేలికైన వాక్యం. దెబ్బలు పడిన చోటికి ప్రతిసారీ గంట ఆలస్యంగా వెళ్లినవాణ్ణి. అప్పటికి నేల మీద చెప్పులు, గుండీలు మిగిలి ఉండేవి. మనిషిని కొడుతున్నప్పుడు కొట్టేవాళ్లు రొప్పుతారని, దెబ్బ తినేవాడు చాలాసేపు అసలు అరవడని నాకు ఆ రోజు దాకా తెలియదు.

*

ఇదంతా నా కారు వల్ల జరిగింది. పాత డీజిల్ కారు. మూడు లక్షల నలభై వేల కిలోమీటర్లు తిరిగింది. ఎన్నికలకు, తుఫానులకు, వంతెనలు కూలిన చోట్లకు, ఆత్మహత్యలు జరిగిన ఇళ్లకు అందులోనే వెళ్లాను. ఉద్యోగం మానేశాక దాన్ని అమ్మబుద్ధి కాలేదు. మా బావమరిది మాత్రం కనిపించినప్పుడల్లా అదే పాట.

"బావా, దీన్ని అమ్మాలంటే కొనేవాడికి మనమే ఎదురివ్వాలి."

ఇంజిన్ అరిగిపోయింది. లీకు లేదు, కింద చుక్క పడదు, కానీ ఆయిల్‌ని లోపలే కాల్చేస్తుంది. పొద్దున్న స్టార్ట్ చేస్తే వెనక నీలం పొగ వస్తుంది. మెకానిక్ దాన్ని చూసి నవ్వేవాడు. "సార్, దీంతో ముందు బీడీ మాన్పించండి. మందు తర్వాత వేద్దాం."

అతను మా ఊళ్లో ఇరవై ఏళ్లుగా షెడ్డు నడుపుతున్నాడు. యాభై దాటిన మనిషి, ఆదివారం ఉదయం మాత్రం షెడ్డు మూసి చర్చికి వెళ్తాడు. ఎంత పెద్ద మామిడి వ్యాపారి లారీ ఆగిపోయినా ఆరాధన అయ్యేదాకా కదలడు. కొత్త షెడ్లలో కంప్యూటరు పెట్టి రిపేరు చేస్తారు. ఇతను పొడవాటి స్క్రూడ్రైవరు మొన ఇంజిన్ మీద ఆనించి, పిడిని ఎడమ చెవికి నొక్కుకుని, కళ్లు మూసుకుంటాడు. శబ్దం పైనుంచి వస్తోందో కింద నుంచో, ఏ సిలిండరు దగ్గరో చెబుతాడు. నాకు తెలిసి తప్పు చెప్పింది లేదు. చుట్టుపక్కల మండలాల నుంచి పాత బండ్లవాళ్లు ఆ చెవి కోసం వచ్చేవారు. అతని అన్నం అదే.

మామిడి సీజన్ మొదట్లో ఆయిల్, ఫిల్టరు మార్చి నాకు ఒక పని అప్పగించాడు. "సార్, ఇది ఇక తాగుబోతు బండి. వారానికి ఎంత తాగుతుందో నేను చెప్పలేను. రోజూ పొద్దున్న స్టార్ట్ చెయ్యకముందు ఆయిల్ కొలిచే స్టిక్ తీసి చూడండి. ఒకసారి తుడిచి, మళ్లీ పెట్టి తియ్యండి. పై గీత దగ్గరుంటే సరే. కింది గీతకొస్తే ఈ డబ్బాలోది పొయ్యండి." అలవాటు కొద్దీ జేబులోని పుస్తకంలో రాసుకున్నాను. తుడవాలి, మళ్లీ పెట్టాలి, తియ్యాలి. డాష్‌బోర్డులో ఆయిల్ దీపం మాడిపోయి రెండేళ్లయింది. మారుస్తానని అతను రెండుసార్లు అన్నాడు. చూద్దాంలే అన్నది నేనే.

ఆ ఏడు మా బావమరిది ముసునూరు దగ్గర ఒక తోట కాపు కొన్నాడు. చిన్నరసాలు, బంగినపల్లి కలిసిన తోట. లారీల కోసం ఫోన్లు చేయడానికి, తూకం దగ్గర కూర్చోవడానికి నమ్మకమైన మనిషి కావాలన్నాడు. నెలన్నర అక్కడే పాకలో ఉన్నాను. నా కారు బ్యాటరీ బలహీనం. అందుకని తోట గేటు దగ్గర, రోడ్డు మీదకు దిగే గ్రావెల్ వాలులో, ముక్కు కిందికి ఉండేలా నిలిపేవాణ్ణి. బ్యాటరీ మొరాయిస్తే బ్రేకు వదిలి, దొర్లించి, రెండో గేరులో స్టార్ట్ చేయవచ్చు. పాత బండ్లవాళ్లందరికీ ఇలాంటి ఒక వాలు ఉంటుంది. ఆ వాలులోనే రోజూ పొద్దున్న బానెట్ ఎత్తి స్టిక్ తీసేవాణ్ణి. రోజూ ఆయిల్ పై గీత దగ్గరే ఉండేది. ఇంజిన్ కుదుటపడిందని సంతోషించాను. మెకానిక్ ఇచ్చిన డబ్బా మూత కూడా తియ్యలేదు.

రెండు వారాలకు శబ్దం మొదలైంది. ముందు స్టార్ట్ చేసినప్పుడు ఒక నిమిషం టకటకమనేది. తర్వాత ఆ టకటక పోకుండా, వేగం పెరిగేకొద్దీ పెరగడం మొదలుపెట్టింది. మెకానిక్‌కి ఫోన్ చేశాను. ఫోన్‌ని ఇంజిన్ దగ్గర పెట్టమన్నాడు. పెట్టాను. 

"ఆయిల్ తక్కువైన చప్పుడు సార్ అది. స్టిక్ చూడండి."

"రోజూ చూస్తున్నానయ్యా. ఇప్పుడే చూశాను. పై గీత దగ్గర ఉంది."

"ఉందా?"

"నా కళ్లతో చూశాను."

 అతను మెత్తగా నవ్వాడు. "అయితే ఫోన్లో నాకే సరిగ్గా వినపళ్లేదేమో. మీరు చూశానంటే ఇంకేముంది. వీలు చూసుకుని తీసుకురండి సార్."

నాకు వీలు కాలేదు. కాయ పక్వానికి తిరిగిన వారం అది. రోజుకు రెండు లారీలు వెళ్తున్నాయి.

*

ఆ రోజు తెల్లవారుజామున గాలివాన వచ్చింది. చెట్ల కింద కాయలు పరిచినట్టు రాలాయి. రాలిన కాయకు ధర లేదు, కొమ్మ మీదున్నది కూడా రాలేలోపు దించాలని మా బావమరిది కంగారు. లారీ అప్పటికే గేటు దగ్గర ఉంది. కోత మనుషుల్లో అందరికంటే పై కొమ్మలకు వెళ్లగలిగినవాడు ఒకడున్నాడు. పక్క ఊరివాడు, నలభై అయిదేళ్లుంటాయి. చేతిలో కాయలు కోసే చిక్కం కర్ర పట్టుకుని చెట్టు కింద నిలబడి పైకి చూస్తున్నాడు.

"ఏంటయ్యా, చెట్టు కింద ప్రార్థన పెట్టుకున్నావా? ఎక్కు," అన్నాడు మా బావమరిది.

"కొమ్మ తడిగా ఉందండి బాబుగారూ. ఒక గంటాగితే ఆరుద్ది."

"నువ్వు గంటాగితే లారీ ఆగుద్దా? ఎక్కెక్కు. పిల్లకోతిలా ఎక్కేవాడివి, ఇవాళ కొత్తగా భయమేంటి?"

నలుగురూ నవ్వారు. అతనూ నవ్వి ఎక్కాడు. పావుగంట కూడా కాలేదు. ముందు చిక్కం కర్ర పడింది, తర్వాత మనిషి. దారిలో ఒక కొమ్మకు నడుము కొట్టుకుని, తిరగబడి, ప్లాస్టిక్ ట్రేల దొంతర మీద పడ్డాడు. ట్రేలు పగిలాయి. పగిలినవి ట్రేలేనా అని చూసేసరికి తొడ ఎముక చర్మం చీల్చుకుని లుంగీ పక్కన తెల్లగా కనిపించింది. రక్తం, పగిలిన కాయల రసం కలిసిపోయి ఏది ఏదో తెలియలేదు. ఈగలు అప్పుడే వాలాయి.

అంబులెన్సుకు ఫోన్ చేస్తే అది బాపులపాడు వైపు వేరే ప్రమాదానికి వెళ్లిందని, వచ్చేసరికి ముప్పావు గంట పడుతుందని చెప్పారు. లారీ నా కారు వెనక, వాలు పైభాగంలో అడ్డంగా సగం లోడుతో ఉంది. అక్కడ కదలగల నాలుగు చక్రాల బండి నాదొక్కటే. తొడకు తువ్వాలు బిగించి, వెనక సీట్లో పడుకోబెట్టి, తల దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టాం. మా బావమరిది, లోడింగ్ మనుషులు మోటారుసైకిళ్ల మీద వెనకాల బయల్దేరారు.

నేను ఆ ఇంజిన్‌ని ఎప్పుడూ తొక్కనంత తొక్కాను. రెండు కిలోమీటర్లకే టకటక పోయి దబదబ వచ్చింది. ఎవరో లోపల కూర్చుని సమ్మెట పెట్టి బాదుతున్నట్టు. స్టీరింగు అదిరింది, పాదాల కింద రేకు అదిరింది. వెనక పడుకున్న మనిషి, అప్పటిదాకా మూలుగుతున్నవాడు, నోరు తెరిచి అడిగాడు.

"బాబుగారూ, ఆ చప్పుడు నా కాల్లోంచి వస్తందా?"

కాదని చెప్పేలోపు ఇంజిన్ పట్టేసింది. వెనక నుంచి ఎవరో తాడు కట్టి లాగినట్టు కారు గుంజుకుని ఆగింది. అతను సీటు మీద నుంచి ముందు సీట్ల మధ్యకు, విరిగిన కాలు కింద పడేలా జారిపడ్డాడు. అప్పుడు అరిచిన అరుపు నేను ఇక్కడ రాయలేను. తల దగ్గర కూర్చున్నవాడు భయపడి తలుపు తీసుకుని దూకేశాడు.

ఇరవై నిమిషాలు రోడ్డు మీద గడిచాయి. ట్రేలు ఖాళీ చేసుకుని వస్తున్న ట్రక్కు ఆటో ఒకటి ఆగి అతన్ని ఎక్కించుకుంది. ఒక మనిషి తోడు వెళ్లాడు. ఆ మధ్యలోనే నేను మెకానిక్‌కి ఫోన్ చేశాను. నన్ను ఎవరూ చేయమనలేదు. కారు ఆగితే అతనికి ఫోన్ చేయడం నా అలవాటు.

*

అతను తాడు, డబ్బా, స్పానర్ల సంచీ కట్టుకుని మోటారుసైకిల్ మీద వచ్చాడు. అప్పటికి ట్రక్కు ఆటో వెళ్లిపోయి అయిదు నిమిషాలయింది. వెనక సీటంతా రక్తం చూసి "అయ్యో ప్రభువా" అన్నాడు. బానెట్ ఎత్తాడు. స్టిక్ తీశాడు, తుడిచాడు, పెట్టాడు, తీశాడు. మొన కూడా తడవలేదు. పొడి స్టిక్‌ని నాకు చూపించి, నా ముఖం వైపు చూశాడు. కోపంగా కాదు. అర్థం కానట్టు.

మా బావమరిది చొక్కా నిండా చెట్టు మీద నుంచి పడ్డ మనిషి రక్తం ఉంది. 

"ఏంట్రా అది?"

"ఆయిల్ లేదండి బాబుగారూ. ఇంజిన్ పట్టేసింది."

"లేదా? మొన్న నువ్వు మార్చిన ఆయిలేదిరా? గాల్లో కలిసిందా?"

"ఇది తాగేస్తదండి. అందుకే సార్‌ని రోజూ చూడమని..."

అప్పుడు మా బావమరిది నా వైపు తిరిగాడు. "బావా, నువ్వు రోజూ చూస్తన్నావు కదా? ఇవాళ చూశావా?"

నేను ఆ మాట చెప్పాను. పొద్దున్న నేనే చూశాను, ఆయిల్ ఫుల్లుగా ఉంది. నిజం చెబుతున్న మనిషి గొంతుతో చెప్పాను. నేను చూసింది నాకు నిజమే.

పొద్దున్న నిండుగా ఉన్న ఆయిల్ పదింటికి లేదంటే మధ్యలో కారిపోయి ఉండాలి. కారిందంటే ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే ఛాంబరు బోల్టు వదులుగా ఉండాలి. ఆయిల్ మార్చినప్పుడు ఆ బోల్టు విప్పి బిగించింది ఎవరు? ఈ లెక్క ఎవరూ పైకి చెప్పలేదు, అందరికీ ఒకేసారి వచ్చింది. మెకానిక్‌కి కూడా వచ్చింది. మరు మాట మాట్లాడకుండా స్పానరు తీసుకుని కారు కింద దూరాడు.

"బిగువుగానే ఉంది బాబుగారూ," కింద నుంచి అతని గొంతు. "కింద తడి కూడా లేదండి. చెయ్యి పెట్టి చూడండి."

ఎవరూ వంగి చూడలేదు. నేనూ చూడలేదు. అతను బయటికి రావడం మొదలుపెట్టాడు. అప్పుడే మా బావమరిది భుజం వెనక్కి లాగాడు.

బస్సు ఆగినప్పుడు కిటికీలోంచి ఎవరో ఫోన్‌లో వీడియో తీశారు. సాయంత్రానికి అది ఊళ్లోని వాట్సాప్ గ్రూపులన్నిటిలో ఉంది. పైన రాసిన మాట 'ఆయిల్ దొంగకు దేహశుద్ధి'. ఛాంబరు బోల్టు కథ చేతులు మారేసరికి ఆయిల్ దొంగతనం అయింది. వీడియోలో మెకానిక్ చెవిలోంచి మెడ మీదికి కారిన రక్తం స్పష్టంగా కనిపిస్తుంది. నా మాట మాత్రం అందులో లేదు. వీడియో మొదలయ్యేసరికి నేను చెప్పడం అయిపోయింది.

*

మర్నాడు పోలీసులు నా వాంగ్మూలం తీసుకున్నారు. నేను స్పష్టంగా, వరసగా చెప్పాను. ఉదయం ఆయిల్ పై గీత దగ్గర ఉంది. ప్రమాదం తర్వాత లేదు. ఆందోళనలో ఉన్నవాళ్లకూ మెకానిక్‌కూ మధ్య తోపులాట జరిగింది. 'తోపులాట' అన్న మాట నాదే. రాసుకుంటున్నాయన "మీరు చెబితే రాయడం తేలికండి, కొట్టివేతలుండవు" అన్నాడు. మా బావమరిది మెకానిక్ స్పానర్ ఎత్తాడని చెప్పాడు. అది రోడ్డు మీద పెట్టాడని నేను చూశాను. ఆ సంగతి నన్ను అడగలేదు, నేనూ చెప్పలేదు.

చెట్టు మీద నుంచి పడిన మనిషిని రెండో రోజు ఆస్పత్రిలో చూశాను. ప్రాణానికి భయం లేదన్నారు. కాలు నిలుస్తుంది, పొట్టిదవుతుంది. అతనికి వీడియో ఎవరో చూపించారట.

"ఆయన్నెందుకండీ కొట్టారు?" అని అడిగాడు. "నేను జారింది తడి కొమ్మ మీద కదా."

కారును ట్రాక్టరుతో లాక్కొచ్చి తోట గేటు దగ్గర వదిలారు. ఎక్కడ వదలాలని ట్రాక్టరు డ్రైవరు అడిగితే ఎప్పుడూ ఉండే చోటే అన్నాను. ఆ పై రోజు పొద్దున్న లేచి, పళ్లు తోముకుని, చేతిలో గుడ్డ పట్టుకుని కారు దగ్గరికి వెళ్లాను. చచ్చిన ఇంజిన్‌లో చూడ్డానికేం ఉంటుంది? కానీ నెలరోజుల అలవాటు. బానెట్ ఎత్తి, స్టిక్ తీసి, తుడిచి, పెట్టి, తీశాను.

ఆయిల్ ఉంది. పై గీతకు గోరంత కింద, నల్లగా, నిగనిగలాడుతూ ఉంది.

ఆ కారులో ఎవరూ చుక్క పొయ్యలేదు. రోడ్డు మీద పొడిగా వచ్చిన స్టిక్ అదే. చాలాసేపు దాన్ని పట్టుకుని నిలబడ్డాను. తర్వాత తోటలో ఉన్న ఇద్దరిని పిలిచి, కారును వెనక్కి నెట్టించి, తూకం పాక ముందున్న చదును నేల మీదికి తెచ్చాను. అరగంట ఆగి స్టిక్ తీశాను. పొడి. మళ్లీ వాలులోకి దొర్లించి, ఆగి, తీశాను. ఆయిల్. మూడోసారి కూడా అలాగే చేశాను. నెట్టినవాళ్లు నాకు మతి పోయిందనుకున్నారు. వాలులో ముక్కు కిందికి ఉంటే, ఛాంబరులో మిగిలిన కొంచెం ఆయిల్ అంతా ముందుకు చేరుతుంది. స్టిక్ దిగేది ముందువైపే. నెల రోజులు నేను చూసింది ఇంజిన్‌లో ఉన్న ఆయిల్‌ని కాదు. నేల వాలుని.

బోల్టు దగ్గర వేలు పెట్టి చూశాను. అంచున మట్టి గట్టిగా పేరుకుని ఉంది. తడి లేదు.

మా బావమరిది వచ్చేసరికి నేను నాలుగోసారి స్టిక్ తుడుస్తున్నాను. మొత్తం చెప్పాను. 

"అయితే ఇప్పుడేం చేస్తావు?"

"వెళ్లి ఇదే చెబుతాను."

"ఏమని? మా బావమరిది ఊరికే కొట్టాడనా?"

"మెకానిక్ తప్పు లేదని."

"తప్పెవరిది మరి? నాదా? నేను తడి కొమ్మెక్కించానని కూడా చెప్తావా? ఆ మాట కూడా రాయిస్తావా పేపర్లో?"

స్టిక్‌ని నా చేతిలోంచి లాక్కున్నాడు. మోకాలి మీద పెట్టి వంచాడు. అది విరగలేదు, వంకర తిరిగింది. దాన్ని రోడ్డు అవతల కాలవలోకి విసిరాడు. పాక గోడకు ఆనించి ఉన్న గునపం తీసుకుని ముందు అద్దం మీద వేశాడు. అద్దం పొడి పొడి అయి సీట్లలోని ఎండిన రక్తం మీద పడింది. తర్వాత వంగి, ఇంజిన్ కిందికి గునపం పెట్టి పొడవడం మొదలుపెట్టాడు. మొదటి పోటు పక్కకు జారింది. రెండోదీ జారింది. ప్రతి పోటుకూ ఒక బూతు తిడుతున్నాడు. ఆ బూతులు నన్నా, మెకానిక్‌నా, చెట్టునా అన్నది నాకు తెలియదు. మూడో పోటుకు ఛాంబరు చిల్లిపడింది. ఉన్న ఆయిలంతా ఎర్రమట్టిలోకి కారింది. ఆపబోయిన నన్ను మోచేత్తో నెడితే వెనక్కి పడ్డాను. మణికట్టు బెణికింది. అతను గునపం పారేసి, అక్కడే చతికిలబడి, ముఖం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. నేను పడిన చోటే కూర్చుని చూస్తూ ఉండిపోయాను.

ఇంట్లో సంగతి చెబితే మా ఆవిడ అన్నం గిన్నె నేలకేసి కొట్టింది. "వాడు జైలుకెళ్తే మీ కడుపు నిండుద్దా?" అంది. వాడు ఆమె తమ్ముడు. ఆమె చేతుల్లో పెరిగినవాడు. 

*

నాలుగైదు రోజులకు మెకానిక్ ఇంటికి వెళ్లాను. అతని భార్య గుమ్మంలోనే ఆపింది.

"ఎందుకొచ్చారండీ? ఇంకో చెవి మిగిలిందని చూసిపోడానికా?"

లోపల నుంచి అతను పిలిచాడు. మంచం మీద, కుడి చెవి నా వైపు ఉండేలా తిరిగి కూర్చున్నాడు. ఎడమ చెవికి కట్టు ఉంది. కర్ణభేరి చిరిగిందని, అతుక్కుంటే అతుక్కోవచ్చని విజయవాడలో డాక్టరు చెప్పాడు. ఆ చెవిలో రాత్రీపగలూ ఒకటే హోరు.

నేను వాలు సంగతి చెప్పాను. అతను మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. చివర అన్నాడు. "చదునుగా ఉన్న చోట చూడాలని నేను మీకు చెప్పలేదు సార్. మా షెడ్డు నేల చదును. ఆ మాట చెప్పాలని నాకెప్పుడూ తోచలేదు. అందరికీ తెలుసనుకున్నా."

"తప్పు నీది కాదయ్యా."

"ఫోన్లో విన్నప్పుడు నాకు తెలిసింది సార్. ఆయిల్ లేదని తెలిసింది. మీరు చూశానన్నారని నా చెవినే నేను తప్పనుకున్నా."

అతని భార్య వాకిట్లో గిన్నెలు గట్టిగా పడేస్తోంది. ఆ శబ్దం ఎటునుంచి వస్తోందో తెలియనట్టు అతను తలని ఒకసారి అటు, ఒకసారి ఇటు తిప్పాడు. షెడ్డు తెరిచినా ఇంజిన్ పని ఒప్పుకోవడం లేదట. ఎవరో వచ్చి కావాలనే, "ఆయిల్ మార్చాలి, నీ దగ్గరొద్దులే" అని నవ్వి వెళ్లారట. పంక్చర్లు వేస్తున్నాడు.

"నాకొకటి కావాలి సార్," అన్నాడు. "నేను వేసిన బోల్టు బిగువుగానే ఉందని రాయించండి. చెవి సంగతి తర్వాత."

మర్నాడే స్టేషనుకు వెళ్లి రెండో వాంగ్మూలం ఇచ్చాను. వాలు, చదును, స్టిక్, స్పానరు రోడ్డు మీద పెట్టడం, తడి కొమ్మ, గునపం అన్నీ చెప్పాను. తోపులాట కాదు, కొట్టారు అని రాయించాను. రాసుకుంటున్నాయన ఈసారి మెచ్చుకోలేదు.

"సార్, అప్పుడు చూసింది కూడా ఈ కళ్లే కదా?" అని అడిగాడు. "చూపించడానికి ఆ స్టిక్ ఉందా?"

లేదన్నాను. కాలవలో రెండు రోజులు వెతికించాను. కాలవకు నీళ్లు వదిలాక ఆశ వదులుకున్నాను.

ఆ తర్వాత రాజీ మాటలు మొదలయ్యాయి. ఊళ్లో మామిడి వ్యాపారులు ఇద్దరు, చర్చి పెద్దలు ఇద్దరు మధ్యవర్తులుగా కూర్చున్నారు. ఆస్పత్రి ఖర్చంతా పెట్టుకుంటానని, నలుగురి ముందు చేతులు జోడిస్తానని మా బావమరిది ఒప్పుకున్నాడు. రాజీ కాగితంలో బోల్టు బిగువుగా ఉందన్న వాక్యం మాత్రం ఒప్పుకోలేదు. ఆ వాక్యం రాస్తే తాను ఏ కారణం లేకుండా ఒక మనిషి చెవి పగలగొట్టినవాడవుతాడు. ఆ వాక్యం లేకపోతే సంతకం చేయనని మెకానిక్ అన్నాడు. పెద్దలు రెండుసార్లు కూర్చుని లేచారు. మూడోసారి కూర్చోలేదు. చదును నేల అన్న మాట చెప్పకపోవడం తన పొరపాటేనని మెకానిక్ ఆ కూర్చోవడాల్లో ఒకసారి తనంతట తానే అన్నాడు. మా బావమరిది తరఫు వకీలు ఇప్పుడు ఆ మాటనే పట్టుకున్నాడు.

కారు కేసులో సాక్ష్యం కాబట్టి అమ్మకూడదన్నారు. ముందు అద్దం లేకుండా, ఛాంబరు చిల్లిపడి, ఇంకా తోటలోనే ఉంది. ఆ చిల్లికి జానెడు పక్కన బోల్టు ఉంది. వాహనం పరీక్షించే అధికారి వచ్చి దాన్ని చూసి నివేదిక ఇవ్వాలి. ఆయన ఇంకా రాలేదు. ఫైలులో నా వాంగ్మూలాలు రెండూ ఉన్నాయి. కోర్టులో వాటిలో ఏది చదువుతారన్నది నాకు ఎవరూ చెప్పలేదు.